వెనక సీటు ఖాళీగా ఉండకూడదు

బాబూరావు మాస్టారు వెనక సీటు ఖాళీగా పెట్టుకుని కారు నడిపిన రోజు లేదు. ఆయనకు కారంటే విహారి ఒక్కటే. మిగతావన్నీ ఆయన దృష్టిలో చక్రాలు తగిలించిన డబ్బాలు. విహారిలో కొత్త మోడల్ వచ్చిందంటే పాతది అమ్మేసి అది కొనాల్సిందే. కొన్న ప్రతి మోడల్‌కూ ఏదో ఒక జబ్బు ఉండాల్సిందే. ఏ జబ్బుకైనా ఆయన చెప్పే మందు ఒక్కటే, వెనక సీట్లో మనిషి.

ఈ వైభవమంతా దగ్గరుండి చూసినావిడ ఆయన భార్య సరోజిని టీచరు గారు. ఆయన ఫిజిక్స్, ఆవిడ లెక్కలు. ముమ్మిడివరం పక్కనున్న వాళ్ళ ఊళ్ళో సగం మందికి మాస్టారి చేతి తొడపాశం రుచి తెలుసు. అందుకని కారు గురించి ఆయన ఏం చెప్పినా ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఫిజిక్స్ మాస్టారు చెప్పాక అది ఫిజిక్సే అయి ఉంటుందని ఊరుకునేవారు.

మొదటిది తొంభై తొమ్మిది మోడల్. లేత గోధుమ రంగు. బీరువాని పడుకోబెట్టి అద్దాలు బిగించినట్టు పలకలు పలకలుగా ఉండేది. అది ఇంటికొచ్చిన వారంలోనే దాని జబ్బు బయటపడింది. బస్సు కోసం నిలబడ్డ తాతబ్బాయి పక్కన మాస్టారు బండి ఆపారు. తాతబ్బాయి కొబ్బరి దింపు మనిషి. చెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని ఉన్నాడు.

"ఎక్కడికిరా తాతబ్బాయ్?"

"అమలాపురమండి. కట్టు మార్పించుకోవాలండి. బస్సొచ్చేత్తాదండి."

"బస్సు సంగతి తర్వాత. ముందు నా బండి సంగతి చూడు. వెనక భాగం మరీ తేలిగ్గా ఉంది. గుంట తగిలితే ఎగురుతోంది. ఓ మనిషి బరువు పడితే గాని రోడ్డు పట్టుకోదు."

"ఓ బియ్యం బస్తా ఏసుకోండి మరి."

"బస్తా మలుపులో ఓ పక్కకి జారిపోతుందిరా. మనిషైతే తనంతట తనే సర్దుకుంటాడు. సెంటర్ ఆఫ్ గ్రావిటీ! ఎనిమిదో తరగతిలో చెప్పేను. నువ్వు నిద్రపోయేవు."

ఆ మాటతో తాతబ్బాయికి ఎక్కడ లేని సిగ్గూ వచ్చింది. అప్పుడు పోయిన పాఠాన్ని ఇప్పుడైనా పూర్తి చేద్దామన్నట్టు గబగబా ఎక్కి కూర్చున్నాడు. అమలాపురం దాకా ప్రతి మలుపులోనూ బాధ్యతగా ఇటు ఒకసారి, అటు ఒకసారి ఒరిగాడు. కాలి కట్టు విప్పేదాకా అతనికి ఆ డ్యూటీ తప్పలేదు.

సరోజిని గారు ఇది నిజమని నమ్మారు. నమ్మి ఊరుకునే మనిషి కాదావిడ. ఇంటింటా జరిగే ప్రార్థన కూటంలో లేచి నిలబడి, "మా బండి వెనక భాగం ఎగరకుండా అందరూ ప్రార్థించండి" అని అడిగారు. పాస్టరు గారు రోగుల కోసం, ప్రయాణికుల కోసం ప్రార్థించి ఉన్నారు గాని డిక్కీ కోసం ప్రార్థించడం అదే మొదలు. అయినా తడుముకోకుండా కానిచ్చారు.

తర్వాత రెండువేల నాలుగు మోడల్ వచ్చింది. పలకలన్నీ పోయి విహారికి బుగ్గలొచ్చాయి. అద్దాలు మీట నొక్కితే దిగేవి. దీని జబ్బు అక్కడే ఉందని మాస్టారు ప్రకటించారు. వెనక ఎడంపక్క అద్దం ప్రయాణంలో దానంతటది దిగిపోతుందట. ఎవరో ఒకరు రెండు వేళ్ళు ఆనించి పట్టుకు కూర్చోవాలట.

ఓ వానాకాలం వీరదుర్గ అనే అమ్మాయికి నెలలు నిండక ముందే నొప్పులొచ్చాయి. మొగుడు ఊళ్ళో లేడు. మాస్టారు బండి తీసుకెళ్ళి గుమ్మంలో ఆపి, "అమ్మాయ్, అమలాపురంలో పనుంది. ఈ అద్దం పట్టుకునే దిక్కు లేదు. కాస్త పుణ్యం కట్టుకో" అన్నారు. ఆ పిల్ల నొప్పులు పడుతూనే ఆసుపత్రి దాకా అద్దాన్ని వదల్లేదు. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే కూడా, "నా చెయ్యి తీసేత్తే అద్దం పడిపోద్దేమోనండి" అని బెంగపడిందట. పిల్లాడు బంగారంలా పుట్టాడు. సరోజిని గారు మాత్రం మొగుణ్ణి దులిపేశారు.

"బుద్ధుందా అండీ మీకు? పురిటి నొప్పులు పడుతున్న పిల్లకి అద్దం అప్పజెబుతారా?"

"ఏం చెయ్యమంటావు సరోజినీ? బండి అలాంటిది."

"అలాంటి బండినే మళ్ళీ మళ్ళీ ఎందుకు కొంటారు?"

"కుటుంబం. బిడ్డకి జబ్బు చేసిందని బిడ్డని మార్చుకుంటామా?"

రెండువేల తొమ్మిదిలో విహారికి ముక్కు సన్నబడి నడుము వంగింది. ఈసారి ఏసీ దగ్గర వచ్చింది చిక్కు. వెనక్కి వచ్చే చల్లగాలిని పీల్చేవాళ్ళు లేకపోతే గొట్టంలో బూజు కడుతుందట. ఆ కారణంగా ఊళ్ళోని ఆయాసం రోగులందరూ వంతులవారీగా కాకినాడ డాక్టరు దాకా గాలి పీలుస్తూ వెళ్ళొచ్చారు. పదిహేను మోడల్‌కి ఇంజను మరీ నిశ్శబ్దమైపోయింది. వెనక నుంచి మాటలు వినబడకపోతే డ్రైవరుకి కునుకు పడుతుందన్నారు మాస్టారు. ఇంటర్ పరీక్షలప్పుడు ఆడపిల్లలు ముగ్గురు చొప్పున ఎక్కి, సెంటర్ దాకా గట్టిగా పాఠాలు అప్పజెప్పుకుంటూ ఆయన్ని నిద్రపోనివ్వకుండా కాపాడారు.

ప్రతి జబ్బుకూ సరోజిని గారు కూటంలో లేచారు. ప్రతిసారీ పాస్టరు గారు మోకరించారు. పాస్టర్లు మారారు, మోడళ్ళు మారాయి, ప్రార్థన మారలేదు. అయితే ఒక సంగతి ఆవిడ బయటికి ఒప్పుకోలేదు గాని, కొత్త విహారి తళతళలాడుతూ చర్చి ముందు ఆగినప్పుడు, అందులోంచి దిగే తనను అందరూ చూస్తుంటే, ఆవిడకు గర్వంగానే ఉండేది. జబ్బులున్నా తమ బండి తమదే.

రిటైరయ్యాక కొన్నది ఇరవై ఒకటి మోడల్. ముత్యం రంగు. వెనక కెమెరా, ముందు తెర, ఎటు చూసినా కూతలు. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు హేమ అప్పుడే అడ్డుపడింది.

"నాన్నగారూ, ఇప్పుడు అందరూ ఎత్తు బళ్ళు కొంటున్నారండి. మీరూ అదే తీసుకోండి."

"ఎత్తు బండి ఎక్కాలంటే మోకాలు గెడ్డానికి తగలాలమ్మా. భూలక్ష్మి ఎలా ఎక్కుతుంది?"

"భూలక్ష్మా?"

"అదే, బరువు. వెనక సీట్లోకి బరువెలా ఎక్కుతుంది అంటున్నాను."

చర్చి ఎదురుగా పెసరట్లు వేసే మనిషి భూలక్ష్మి. ఆవిడకు రెండు కిడ్నీలూ చెడ్డాయి. మంగళవారం, శుక్రవారం అమలాపురం వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. చేయించుకున్నాక కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు నిలబడవు. ఒకరి సాయం తీసుకోవడం ఆవిడ ఒంటికి పడదు. గ్లాసుడు పంచదార చేబదులు తీసుకుంటే మర్నాడు గ్లాసు పైకి శిఖ కట్టేలా పోసి మరీ తిరిగిస్తుంది. ప్రెసిడెంటు రామ్మూర్తి గారు పాపమని కారు పంపిస్తానంటే, "నా కాళ్ళు పడిపోయినప్పుడు చెబుతానండి" అని పంపేసింది.

అలాంటి మనిషి మాస్టారి బండి మాత్రం దర్జాగా ఎక్కేది. ఎందుకంటే ఇరవై ఒకటి మోడల్‌లో కంప్యూటర్ ఉంది. దానికి మనిషి బరువు నేర్పాలని మాస్టారు చెప్పారు. వారానికి రెండుసార్లు ఒకే మనిషి, ఒకే సీట్లో, ఒకే దారిలో కూర్చోకపోతే అది నేర్చుకున్నదంతా మర్చిపోతుందట. భూలక్ష్మి ఆసుపత్రిలో అందరికీ చెప్పుకునేది. "నేను లేపోతే మాస్టారి బండికి బుర్ర పంజెయ్యదండి. ఆయన మొకం చూసి వత్తన్నాను."

ఈ ఏడాది వేసవిలో మాస్టారి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు. హేమ సెలవు పెట్టి వచ్చి బండి నడిపింది. పనిలో పనిగా తల్లిని ఎక్కించుకుని కాకినాడలో సర్వీసింగుకి తీసుకెళ్ళింది. అక్కడ సూపర్‌వైజరు మాధురి అనే అమ్మాయి. సరోజిని గారు ఆ అమ్మాయికి బండి జబ్బు మొదటి నుంచి విడమరిచి చెప్పారు.

"బరువు నేర్చుకోవడవేంటండీ? వెనకెవరూ లేపోయినా బ్రహ్మాండంగా నడుస్తాదండి."

"సరిగ్గా చూసేవా అమ్మా?"

"ఆయ్, అన్నీ చూసేనండి. ఒక్క లోపం కూడా లేదండి. గుర్రంలా ఉంది."

ఇంకెవరైనా అయితే మొగుణ్ణి అనుమానించేవారు. సరోజిని గారి విశ్వాసం అలాంటిది కాదు. ఇన్నేళ్ళ ప్రార్థన ఫలించింది, దేవుడు బండిని బాగుచేశాడు. ఆవిడకు దారంతా కళ్ళు చెమరుస్తూనే ఉన్నాయి. ఇంటికొచ్చి మాస్టారికి కూడా చెప్పలేదు. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పి అందరితో పాటు ఆయన్నీ ఆశ్చర్యపరచాలనుకున్నారు.

వాళ్ళ చర్చిలో సాక్ష్యమంటే మైకులోనే చెప్పాలి. మైకులో చెప్పింది గోపురం మీది స్పీకర్లో ఊరంతా వినాలి. సరోజిని గారు గొంతు సవరించుకున్నారు.

"పాతికేళ్ళుగా మా బండి జబ్బు కోసం మీరందరూ ప్రార్థించేరు. దేవుడు ఆలకించేడు. బండిలో ఒక్క లోపం కూడా లేదని కంపెనీ వాళ్ళే చెప్పేరు. వెనక మనిషి లేకపోయినా గుర్రంలా నడుస్తుందట. ఇక మీదట మా బండి కోసం ఎవరూ పనులు మానుకుని ఇబ్బంది పడక్కర్లేదు."

ముందు వరసల్లోంచి "హల్లెలూయా" వినిపించింది. వెనక వరసల్లో మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాస్టారు నల్ల కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, తల వంచుకున్నారు. రోడ్డుకి అవతల భూలక్ష్మి పెనం మీద అట్టు మాడిపోయింది.

ఇంటికొచ్చాక మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

"సాక్ష్యం చెప్పేముందు నన్నొక్క మాట అడగాల్సింది సరోజినీ."

"ఎందుకండీ?"

"బండికి జబ్బు లేదు."

"అదే కదా నేను చెప్పింది!"

"ఎప్పుడూ లేదు."

సరోజిని గారు లెక్కల టీచరు. ఒక్కో మోడలూ వెనక్కి వెళ్ళి చూసుకోవడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు.

"అయితే తాతబ్బాయి?"

"కాలు విరిగినవాడు బస్సెలా ఎక్కుతాడు?"

"వీరదుర్గ చేత పట్టించిన అద్దం?"

"అద్దం రాయిలా ఉంది. నొప్పులు పడుతూ ఊరికే కూచుంటే భయవేస్తుంది. చేతికో పని అప్పజెప్పేను."

"పాతికేళ్ళు నా చేత దేవుడికి అబద్ధాలు చెప్పించేరా?"

"దేవుడికి నిజం తెలుసు లెద్దూ." మాస్టారి గొంతు తగ్గింది. "ఆసుపత్రికి నేను తీసుకెళ్తానంటే వాళ్ళు తల దించుకుని ఎక్కుతారు సరోజినీ. నా బండికి సాయం చెయ్యమంటే తలెత్తుకుని ఎక్కుతారు. అందుకని."

సరోజిని గారికి ఒళ్ళు మండిపోయింది. డిక్కీ కోసం, అద్దం కోసం, బూజు కోసం తాను కార్చిన కన్నీళ్ళు గుర్తొచ్చి ఇంకా మండింది. అంత మంటలోనూ, ఇలాంటి మనిషితో ఇన్నేళ్ళు కాపరం చేశానా అని ఆవిడ గుండె గర్వంతో ఉప్పొంగిపోయింది. ఏం చెయ్యాలో తోచక ఆయనకి కంట్లో చుక్కలు వేశారు.

అసలు దెబ్బ మంగళవారం తగిలింది. హేమ భూలక్ష్మి ఇంటి ముందు హారన్ కొట్టింది.

"మీ బండికి నయవైపోయిందంట గదమ్మా," అంది భూలక్ష్మి చెప్పులేసుకుంటూ. "మైకులో ఇన్నాను. ఇంక నాతో ఏం పని? నేను ఆటోలో పోతాను."

ఆటోలోనే వెళ్ళింది. వచ్చేటప్పుడు కళ్ళు తిరిగి ఆటోలోంచి దిగలేక దిగలేక దిగింది. బుధవారం హేమ సెలవు అయిపోయి రాజమండ్రి వెళ్ళిపోయింది. శుక్రవారం పొద్దున్న సరోజిని గారు కిటికీలోంచి చూస్తే, ఆసుపత్రికి బయల్దేరాల్సిన భూలక్ష్మి వాచిన కాళ్ళతో పెనం ముందు కూర్చుని అట్లు పోస్తోంది. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో లెక్కల టీచరుకి ఎవరూ చెప్పక్కర్లేదు. అది తన సాక్ష్యం చేసిన పని.

మాస్టారు కళ్ళజోడు వెనక నుంచి కొత్త జబ్బు కోసం వెతుకుతున్నారు. "బ్రేకులని చెబితేనో?"

"మీరు ఇంక ఏ జబ్బూ పుట్టించకండి. నేను అబద్ధం చెప్పను. చెప్పక్కర్లేదు కూడా," అని సరోజిని గారు బీరువాలోంచి తన డ్రైవింగ్ లైసెన్సు తీశారు.

ఆవిడకి లైసెన్సు ఉందన్న సంగతి ఊరు మర్చిపోయింది. అది చేతికొచ్చిన రోజే బండి వెనక్కి తియ్యబోయి కొబ్బరికాయల రాశి మీదికి ఎక్కించారు. తర్వాత అడపాదడపా కాలవ గట్టు మీద తప్ప స్టీరింగ్ ముట్టుకోలేదు. కాని గత రెండు రోజులుగా ఆవిడ ఊళ్ళో అందరినీ ఒక విషయం అడిగి వచ్చారు. ఆ కబురుతోనే భూలక్ష్మి పెనం దగ్గరికి వెళ్ళారు.

"భూలక్ష్మీ, నాకు సాయం కావాలి."

"మళ్ళీ బండికి జబ్బొచ్చిందాండీ?" అంది భూలక్ష్మి తలెత్తకుండా.

"బండి శుభ్రంగా ఉంది. నాకే డ్రైవింగ్ సరిగా రాదు. ఆయన ఇప్పుడు స్టీరింగ్ ముట్టుకోకూడదు. నేను నేర్చుకోవాలి."

"మాస్టారు పక్కన కూకుంటారు గదండీ."

"ఆయన అరుస్తారు. ఆయన అరిస్తే నేను కళ్ళు మూసుకుంటాను. వెనకాల గుండె ధైర్యం ఉన్న మనిషి ఒకరు కావాలి. తాతబ్బాయిని అడిగితే కాలు నెప్పన్నాడు. వీరదుర్గ పిల్లలున్నారంది. పాస్టరు గారు ప్రార్థన చేస్తానన్నారు గాని ఎక్కుతానని మాత్రం అనలేదు."

భూలక్ష్మి అట్ల కాడ పక్కన పెట్టి ఆవిడ వంక అనుమానంగా చూసింది.

"ఇదీ సాకేనా అమ్మగారండీ?"

"ఎక్కి చూడు. సాకని అనిపిస్తే మొదటి మలుపులోనే దిగిపో."

మొదటి మలుపు దాకా వెళ్ళాల్సిన అవసరం రాలేదు. గేటు దాటే లోపలే బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. ముందు సీట్లో మాస్టారు "క్లచ్! క్లచ్!" అని కేక పెట్టారు. సరోజిని గారు కళ్ళు మూసుకున్నారు. అమ్మగారు నిజమే చెప్పారని భూలక్ష్మికి అక్కడే అర్థమైంది. చీర చెంగు నడుముకి బిగించి, రెండు సీట్ల మధ్య నుంచి ముందుకి వంగింది.

"మాస్టారండీ, మీరు నోరిప్పకండి. ఆవిడ కంగారడతన్నారు."

పాతికేళ్ళ విహారి చరిత్రలో మాస్టారిని నోరు మూసుకోమన్న మనిషి అంతకు ముందు లేదు. ఆయన బుద్ధిగా మూసుకున్నారు. బండి కాలవ పక్క రోడ్డెక్కింది. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తోంది.

"ఎడం పక్కకి రండమ్మగారండీ. రండి, రండి. అంత రాకండి, కాలవుందండి! ఆ, అలాగండి. లారీవోడికి మనవంటే బయ్యవండి, ఆడే తప్పుకుంటాడు. చూసేరా, తప్పుకున్నాడు!"

"వెళ్ళిపోయాడా?" అన్నారు సరోజిని గారు.

"ఎల్లిపోయేడండి. కళ్ళు తెరవండి."

అమలాపురం చేరేసరికి మామూలుగా పట్టే దానికి రెట్టింపు టైము పట్టింది. దారిలో ఒక మేకా, రెండు స్కూటర్లూ, ఒక పెళ్ళి బ్యాండు వాళ్ళూ మర్యాదగా పక్కకి తొలిగారు. ఆసుపత్రి ముందు బండి ఆపాక సరోజిని గారి వేళ్ళు స్టీరింగ్ నుంచి ఊడిరాలేదు. భూలక్ష్మే దిగి వచ్చి, ఒక్కో వేలూ విడదీసి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకు వెళ్ళింది.

డయాలసిస్ వార్డులో నర్సు లావణ్య అప్పటికే కోపంగా ఉంది.

"ఇంతాలస్యవేంటి భూలక్ష్మి గారూ? రారేమో అనుకున్నాం. ఎవరు తీసుకొచ్చేరు మిమ్మల్ని?"

"నన్నొకరు తీసుకురావడవేంటండీ?" అంది భూలక్ష్మి. "ఈవిడగార్ని నేనే తీసుకొచ్చేను. కావాలంటే అడగండి."

నర్సు సరోజిని గారి వంక చూసింది. అబద్ధమాడని ఆ నోరు వెంటనే, "ఆయ్, నిజవేనండి. ఈవిడ లేకపోతే నేను కాలవలో ఉండేదాన్ని" అంది.

గుమ్మంలో నిలబడ్డ మాస్టారు నల్ల కళ్ళజోడు సర్దుకుని, గొంతులోకి వీలైనంత దైన్యం తెచ్చుకున్నారు.

"మంగళవారం కూడా కాస్త వీలు చూసుకుని ఈవిణ్ణి తీసుకురావాలి భూలక్ష్మీ."

"చూద్దారండి మాస్టారండీ, నాకూ పన్లుంటాయి గదా," అని భూలక్ష్మి తలెత్తుకుని మంచం వైపు నడిచింది.